ముందు మేమో గుక్క తాగేవాళ్లం

మా చిన్నప్పుడు... గాజువాకలో ఎండలు ముదిరాయంటే మా అక్కకీ నాకూ పొట్టలో ఎప్పుడూ నీళ్లే!

వాకిట్లో తడిగుడ్డ చుట్టిన కుండ ఉండేది. దారినపోయేవాళ్లు ఎవరడిగినా పోయాలి. ఎవరు, ఏమిటి అని అడక్కూడదు. కానీ ముందు వాళ్ల ఎదుటే మేమో గుక్క ఎత్తి పోసుకోవాలి... భయం లేదు, మంచినీళ్లే అని తెలిసేలా. నీళ్లలో మత్తుమందు కలిపి దోచే దొంగల భయమున్న కాలంలో బాటసారులకు మా పూర్వీకులు అలాగే పోసేవారట. అలా మేం చలివేంద్రపు వారమయ్యామని తాత చెప్పేవాడు.

ఆ ఇంటిపేరంటే నాకు సిగ్గు. బడిలో హాజరు పిలిస్తే చాలు, వెనక బెంచీ నుంచి "సువార్తా, ఓ గలాసుడు నీల్లియ్యే!" అని నవ్వులు.

నాన్నకు మాత్రం ఆ పేరుతో మనవాళ్లెవరూ లేరని దిగులు... తాత బాప్తిస్మం తీసుకున్నాక సొంతూళ్లో మాటామాటా పెరిగి, హార్బరు పనికి వచ్చేశాడు. మళ్లీ ఆ ఊరి పేరెత్తలేదు. తాత పోయినప్పుడు పెట్టె మోసింది నాన్న పనిచేసే షెడ్డువాళ్లే. "మీ ఇంటిపేరోల్లు ఒక్కలూ లేరేటి బావా?" అని ఎవరో అడిగితే నాన్న తల దించుకున్నాడు. అప్పటినుంచి ప్రార్థనలో నేను అడిగేది ఒకటే... మా ఇంటిపేరు వాళ్లు ఇంకొక్కరైనా కనపడాలని.

ఒక మధ్యాహ్నం, ఆటోనగర్‌లో కొడుకుని చూడ్డానికి వచ్చిన ముసలమ్మ మా వాకిట్లో ఆగింది. నేనో గుక్క తాగి, ఆమె దోసిట్లో పోయబోయాను.

"నువ్వేటే ముందు తాగినావు?"

"మా ఇంట్లో అంతే మామ్మా."

"మీ ఇంటిపేరేటే?"

గొంతులోనే చెప్పాను. ఆమె దోసిలి పట్టి కడుపారా తాగింది. తర్వాత గుమ్మంలో చతికిలబడి ఏడ్చేసింది.

"మా బావ అప్పన్న మనవరాలివే నువ్వు! మాలో తిరిగి రానోడు ఆడొక్కడే, నా పెల్లయిన ఏడే ఎలిపోనాడు..."

అప్పన్న అన్నది మా తాత పాత పేరు. ఆమె తాత తమ్ముడి భార్య, సింహాచలమ్మ.

ఆదివారం ఆరాధన అవగానే ఆనందపురం దాటి వాళ్లూరు వెళ్లాం. వీధి వీధంతా చలివేంద్రపు వారే! నాన్న ఒక్కో గుమ్మాన్నీ చూసుకుంటూ నడిచాడు. అరుగు మీదున్న తాత ఆఖరి తమ్ముడు మాత్రం లేవలేదు.

"మతం మారినోల్లు గదా..." అన్నాడు.

సింహాచలమ్మ నడుం మీద చెయ్యేసింది. "నాను ఆల్ల కుండలో నీల్లు తాగొచ్చేసినాను. నన్నూ ఎల్లగొట్టేత్తావేటి మరిదీ?"

వీధంతా గొల్లున నవ్వింది. ముసలాయన లేచి లోపలికి వెళ్లాడు. మా నాన్న ముఖం పాలిపోయింది... ముసలాయన చెంబుతో బయటికొచ్చాడు. ముందు తనో గుక్క తాగాడు.

"పట్టరా దోసిలి. మా అన్న కొడుకువి."

నాన్న తాగాడో, చొక్కా తడుపుకున్నాడో... తల మాత్రం ఎత్తే ఉంది.

మర్నాడు బడిలో నవ్వులు మొదలవగానే లేచి నిలబడ్డాను. "రండర్రా! మాది వీధి వీధంతా ఉంది, అందరికీ పోత్తాం!" మేష్టారు కూడా నవ్వేశారు.

ఇప్పుడు మధురవాడలో, నాలుగో అంతస్తులో ఉంటున్నాను. పెళ్లితో ఇంటిపేరు మారింది. నీళ్లడిగేవాళ్లూ తగ్గిపోయారు... అందరి చేతుల్లో సీసాలే. అయినా పార్శిల్ తెచ్చినవాళ్లకు చెంబు అందించే ముందు నేనో గుక్క ఎత్తి పోసుకుంటాను. వింతగా చూస్తారు పాపం!

మీ ఇంటిపేరు ఎలా వచ్చిందో మీ పెద్దవాళ్లు చెప్పారా? రాయండి... మీలో చలివేంద్రపు వారుంటే మాత్రం తిన్నగా ఇంటికే రండి. కుండ నిండుగా ఉంది.