కుప్పానికి సముద్రం తెచ్చిన సంతకం

బుధవారం రెండో పీరియడ్ నడుస్తుండగా అటెండర్ రెడ్డెప్ప తరగతి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. "మేడం, మన బ్యాంకు సార్ పోయినాడంట. పుంగనూరు నుంచి ఫోన్ వచ్చింది" అన్నాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టాను. ఇనాయతుల్లా సార్ కన్నుమూశారన్న మాట చెవికి అందింది గాని, బుద్ధికి అందలేదు. ముందురోజు సాయంత్రమే ఆయన మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కుతుంటే ఈ కళ్లతో చూశాను. పలకరించలేదు. ఆయనకు నేను చెప్పుకోవలసిన క్షమాపణ ఒకటుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. రెండేళ్లుగా అలాగే అనుకుంటూ వచ్చాను.

ఆయనను ఎరుగనివారి కోసం నాలుగు మాటలు. చెన్నైలో ఒక బ్యాంకు విదేశీ వాణిజ్య విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపి, భార్యావియోగానంతరం స్వస్థలమైన పుంగనూరు చేరుకున్న నిస్సంతు ఆయన. మా మదనపల్లె కాలేజీలో ఎంబీఏ పిల్లలకు పాఠం చెప్పడానికి రోజూ బస్సులో వచ్చేవారు. వారానికొకసారి కుప్పం కాలేజీకీ వెళ్లేవారు. అంత దూరం యాల సార్, ఈ వయసులో, అని ఎవరైనా అంటే, "ఇంట్లో కూసుంటే గోడలు నాతో మాట్లాడవు గదప్పా" అని నవ్వేవారు. ఆ నవ్వు చూసి మేమూ నవ్వేవాళ్లం. ఆ మాటను మాత్రం మాలో ఎవ్వరం పట్టించుకోలేదు.

ఆయన విద్య పేరు ట్రేడ్ ఫైనాన్స్. ముఖపరిచయం లేని ఇద్దరు వర్తకులు, నడుమ మహాసముద్రం. సరుకు పంపేవాడికి డబ్బు రాదేమోనని భయం, డబ్బిచ్చేవాడికి సరుకు చేరదేమోనని భయం. ఆ ఉభయ భయాల మధ్య బ్యాంకు నిలబడి, పత్రాల సాక్ష్యంతో ఇద్దరికీ అభయమిచ్చే ప్రక్రియ అది. "ఓడలోని సరుకును బ్యాంకు సూడదప్పా, కాయితమే సూస్తాది. అందుకే కాయితంలో అబద్ధం ఉండకూడదు" అనేవారు.

అసలు మా ప్రాంతంలో ఎంబీఏ ప్రాజెక్టు అంటే ఏమిటో చెబితే నవ్విపోతారు. జిరాక్సు షాపులో ఎవరిదో పాత రిపోర్టు తెచ్చి, కంపెనీ పేరు, ఊరి పేరు మార్చి, బంగారు అక్షరాల అట్ట వేయిస్తే అయిపోయింది ప్రాజెక్టు! అబ్బో, ఆ అట్టకున్న ఠీవి లోపలి పేజీల్లో వెతికినా కనబడదు. ఆ దురాచారం మీద ఇనాయతుల్లా సార్ ఒంటరిగా యుద్ధం ప్రకటించారు. తరగతిలో ఒక పక్క అమ్మేవాళ్లను, ఇంకో పక్క కొనేవాళ్లను, మధ్య బెంచీలో బ్యాంకును కూర్చోబెట్టారు. మన మామిడి గుజ్జును గల్ఫుకు పంపించారు, కాగితాల మీదే. ఒప్పందం, ఇన్వాయిసు, ఓడ రసీదు అన్నీ పిల్లలే రాయాలి. ఆ శిక్షణలో చేసిన పనే వాళ్ల ప్రాజెక్టు.

కుప్పం తరగతిలో మునిరత్నం అనే పిల్లవాడు ఉండేవాడు. రామకుప్పం పక్క పల్లె. రాగిపిండి ఎగుమతి మీద ప్రాజెక్టు మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగా అడవి నుంచి ఏనుగులు దిగి వాళ్ల సొంత రాగి చేనే తొక్కిపోయాయి. వాడు కళ్లనీళ్లతో వచ్చి, "సార్, ఇంగ నా వల్ల కాదు. వేరే ఏదన్నా ఈండి" అన్నాడు. సార్ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "యాల మార్చల్ల? పంట పోయిందని కొనేవాడికి జాబు రాయి. గడువు అడుగు. నిజం ముందుగా సెప్పేవాడితోనే యాపారం నిలస్తాది" అన్నారు. ఆ ఉత్తరమే ఆ ప్రాజెక్టులో ఉత్తమ భాగమైంది. మునిరత్నం ఇప్పుడు ఒక ఎగుమతి సంస్థలో పని చేస్తున్నాడు.

ఆయన పత్రపరిశీలనకు ఒక పద్ధతి ఉండేది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రెండో కాగితం మీద వేలు పెట్టి అక్షరం వెంట అక్షరం నడవాలి. "ఒంటి మనిషికి తన తప్పు తనకు కనపడదమ్మా" అనేవారు. మధ్యాహ్నాలు స్టాఫ్ రూములో ఆయన చదివేవారు, నేను వేలు నడిపేదాన్ని. నా ఉద్యోగ జీవితంలో నేను నిజంగా ఏదైనా నేర్చుకున్నానంటే ఆ బల్ల దగ్గరే.

ఇక నా పాపం చెబుతాను. రెండేళ్ల కిందట, వైవాకు ముందురోజు, నా బల్ల మీద గుట్టగా పడ్డ రిపోర్టుల మీద గైడుగా గబగబా సంతకాలు గిలికేశాను. ఒక్కటీ చదవలేదు. కాసేపటికి సార్ అందులోంచి ఒకటి తెచ్చి నా ముందు విప్పారు. కొనుక్కొచ్చిన రిపోర్టే. ఆ పిల్లవాడు కంప్యూటరులో పాత ఊరి పేరున్న ప్రతిచోటా ఒక్క దెబ్బతో 'కుప్పం' అని మార్చేశాడు. దాంతో చింతపండు బస్తాలు కుప్పం ఓడరేవులో ఓడెక్కాయి. కింద నా సంతకం.

"కుప్పానికి సముద్రం ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నారాయన, నవ్వుతూనే.

తప్పు నాది. సిగ్గుతో తల దించుకోవలసింది పోయి రోషం పొడుచుకొచ్చింది. "నాకు ఇల్లుండాది, పిల్లోళ్లుండారు సార్. మీకైతే ఇంటికాడ ఎదురుసూసే మనిషి లేదు, అక్షరం అక్షరం సదువుకుంటా కూసుంటారు" అనేశాను. అన్న మరుక్షణమే నాలుక కొరుక్కున్నాను. ఏం లాభం?

ఆయన అట్ట మూశారు. "నిజమేమ్మా, ఎవురూ లేరు" అన్నారు. అంతే.

ఆ సాయంత్రం ఆ పిల్లవాణ్ణి పిలిపించుకుని, చింతపండు వ్యాపారమంతా మొదటి నుంచి వాడి చేత రాయించారు. పొద్దున్నే కొత్త రిపోర్టు తెచ్చి, "సదివి పెట్టమ్మా" అని నా ముందుంచారు. ఆ మొండితనంలో అప్పుడూ చదవకుండానే సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆయన మర్యాదలో లోటు లేదు, ఎదురుపడితే నమస్కారం ఉండేది. కాని ఎదురుగా కూర్చోమని నన్ను మళ్లీ పిలవలేదు. టిఫిను డబ్బా వరండాలోకి తీసుకుపోయి ఒక్కరే తినేవారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. నాలుగడుగులు వేసి వెళ్లి "తప్పయింది సార్" అనలేకపోయాను. ఛీ, ఎంత అహంకారం!

బుధవారం పుంగనూరు వెళ్లాను. నేను చేరేసరికి జనాజా భుజాలకెత్తుకుని కదులుతున్నారు. వాకిట్లో మేనల్లుడు నన్ను చూసి, "మీరెవురమ్మా?" అని అడిగాడు. కాలేజీ నుంచి వచ్చానన్నాను. అంతకు మించి నేనెవరినో చెప్పుకునే యోగ్యత ఆ క్షణంలో నాకు కనిపించలేదు. మగవాళ్లంతా వెళ్లిపోయాక ఆ వీధిలో కాసేపు నిలబడి, వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

శుక్రవారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు మైకు నా వైపు తిప్పి, "సార్‌కు అందరికంటే దగ్గరి మనిషి మేడమే. సార్ ఎప్పుడూ ఆమె గురించి గొప్పగానే చెబుతాండె. ముందు ఆమె మాట్లాడల్ల" అన్నారు. అప్పుడు తెలిసింది, ఆ సంతకం సంగతిగాని, నా మాట సంగతిగాని ఆయన ఏ ఒక్కరి చెవినా వేయలేదని. కాగితంలో అబద్ధం సహించని మనిషి నా పరువు కోసం రెండేళ్లు నోరు కట్టేసుకున్నారు. నేను లేచాను, మైకు తిరిగి ప్రిన్సిపాల్ గారి వైపే తిప్పి కూర్చున్నాను. దుఃఖం వల్ల మాట రాలేదని అందరూ నన్ను ఓదార్చారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ సంతకం నాది. ఆ మాట నాది. సార్, నన్ను క్షమించండి. మా మధ్య ఎవరు ఏం రాసినా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన మనిషి మీరొక్కరే. మిగతావాళ్లు దీన్ని పైపైన తిప్పి, బాగా రాశారు మేడం అంటారు.