తేటపడిన సీరం

రిటైరయ్యే ముందటేడు శ్రావణంలో నేను బాగేపల్లిలోని ఒక నర్సింగ్ హోంలో సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక శనివారం కిరాణా అంగడి నారాయణప్ప, భార్య లక్ష్మమ్మతో లిపిడ్ ప్రొఫైల్‌కు, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్షకు, వచ్చారు. కొన్నాళ్ళ ముందే ఆయన తమ్ముడు తక్కెడ పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుండె ఆగి కూలిపోయాడు. ఇప్పుడు ఈయనకూ అదే గతి పడుతుందేమోనని ఆ ఇల్లంతా బెదిరి ఉంది.

పరగడుపునే వచ్చారా అని అడిగాను.

"శ్రావణ శనివారం కదమ్మా, ఒక్కపొద్దు ఉండాను" అన్నారు.

రక్తం తీసి, గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాను. కణాలు అడుగుకు దిగితే పైన లేత పసుపు నీరు తేలుతుంది. అదే సీరం. ఈయనది పాలలా తెల్లగా తేలింది.

కిటికీలోంచి చూసిన లక్ష్మమ్మ, "అమ్మా, ఆయన ఒంట్లో రగతం పోయి పాలు పారతాండాయా?" అంది.

మనసులో స్వామిని తలుచుకుని, పొద్దున నోట్లో ఏం పడిందని మళ్ళీ అడిగాను. ఆమే చెప్పింది. "అన్నం ముట్టలేదమ్మా. పూజైనాక పాలు, చెనిక్కాయల ఉండలు, నెయ్యేసిన రవ్వ సజ్జిగె. అంతే."

"దేవుడు ఒప్పుకుంటాడు కదమ్మా!" అన్నారాయన రోషంగా.

"దేవుడు ఒప్పుకుంటాడప్పా, మిషను ఒప్పుకోదు" అన్నాను.

పాలు, వేరుశనగ, నెయ్యి, ఇలా తిన్న కొవ్వుతో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరిగి సీరం తెల్లబడుతుంది. నాళాల్లో పేరుకునే చెడ్డ కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, మా ల్యాబులో మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి వాటి వంతూ మంచి కొలెస్ట్రాలూ తీసివేసి లెక్కగట్టేవాళ్ళం. అవి ఉబ్బితే ఇది ఉన్నదానికంటే తక్కువగా పడుతుంది. ఆ రిపోర్టు ఆపి, రాత్రి భోజనం తర్వాత నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా సోమవారం రమ్మన్నాను.

సోమవారం సీరం తేటగా, బంగారు రంగులో వచ్చింది. లక్ష్మమ్మ ట్యూబుకే చేతులు జోడించింది. నేనూ నవ్వుముఖంతో స్వామికి దండం పెట్టుకున్నాను.

అంతలో మిషను అంకెలు ఇచ్చింది. ట్రైగ్లిజరైడ్లు కొంచెమే ఎక్కువ. ఎల్‌డీఎల్ మాత్రం ఉండాల్సినదానికి రెండింతలు. అది ఎంత పెరిగినా సీరం రంగు మారదు.

ఫలితం వివరించడం డాక్టరు పని. టెక్నీషియన్ నోరు విప్పకూడదు. ఆయనేమో అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు. "తేటగా ఉండాదంటివి కదే, ఇంక డాక్టరమ్మ యాల? అంగడి తెరవాల" అంటూ భార్యను తొందరపెడుతున్నారు. రిపోర్టు కవరు పట్టుకుని వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"డాక్టరమ్మను చూడకుండా పోవద్దప్పా."

ఆయన నా ముఖంలోకి చూశారు. తర్వాత చెప్పులు విడిచారు.

డాక్టరమ్మ ఆ రోజే ఈసీజీ తీయించి బెంగళూరుకు పంపారు. ఒక నాళం సగానికి పైగా మూసుకుపోయిందని అక్కడ తేలింది. మందులు మొదలయ్యాయి. ఆయన ఇప్పటికీ అంగడిలో కూర్చుంటున్నారు. అది భగవంతుడి దయ.

ఆ తర్వాత నేను ఎవరినీ ఉపవాసమా అని అడగలేదు, ఏం తిన్నారని అడిగాను. అంకె వచ్చేదాకా, సీరం ఎంత తేటగా ఉన్నా, ఎవరికీ నవ్వుముఖం చూపలేదు.