ఊడిపోయిన ఎర్ర చీటీ

చాంద్ బాషా బందరులో ప్లీడరు గంగాధరరావుగారి గుమాస్తా. ముప్పై ఏళ్ళ సర్వీసు. సుప్రీంకోర్టు తీర్పుల సంపుటం రాగానే ప్లీడర్లంతా అందులో కొత్త మాటేముందో చూస్తారు. అతను మాత్రం అది ఏ పాత తీర్పును కొట్టేసిందో చూస్తాడు. ఆ పాత పేజీ వెతికి, మైదా జిగురుతో ఎర్ర చీటీ అంటిస్తాడు: "ఇది చెల్లదు." ఫోన్లో అన్నీ దొరుకుతాయిగా అని కుర్ర ప్లీడర్లు నవ్వుతారు. దొరుకుతాయి, వెతకాలని తోస్తే!

ఆ రోజు అంకమ్మ కేసు. మంగినపూడిలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న ఆమె ఇంటి మీదికి, స్థలం కొన్న రిసార్టు యజమాని మర్నాడు పొక్లెయిన్ తెస్తానన్నాడు. ఇవాళ స్టే రాకపోతే ఇల్లు లేదు. అన్నేళ్ళు కాపురమున్నవాళ్ళకి స్థలం మీద హక్కు పుడుతుందన్న పాత తీర్పొక్కటే వాళ్ళకి ఆధారం.

కేసు పిలిచారు. సంపుటం అందించబోతూ చాంద్ బాషా పేజీ తెరిచాడు. పేజీ మీద చీటీ ఆకారంలో పచ్చటి మరక ఉంది. జిగురును పురుగులు తినేశాయి, చీటీ ఎక్కడో రాలిపోయింది.

నోరు మూసుకుంటే? అవతలి ప్లీడరుకి తెలిసినట్టు లేదు. వెనక అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా వంగి చెప్పాడు.

"సార్, ఈ తీర్పు చెల్లదండీ. పెద్ద ధర్మాసనం కొట్టేసింది."

గంగాధరరావుగారి మొహం నల్లబడింది. జడ్జిగారికి ఉన్నదున్నట్టు చెప్పి అరగంట అడిగారు.

జూనియర్ జెస్సీ ఫోన్లో ఆ పెద్ద తీర్పు ఏ సంపుటంలో ఉందో పట్టింది. "కొట్టేశారనే ఉందండీ," అంది నీరసంగా.

"ఎంతమేరకు కొట్టేశారో చూడాలి తల్లీ," అంటూ చాంద్ బాషా ఆ సంపుటం కోసం ఆఫీసుకు పరిగెత్తాడు.

అరవై పేజీలు. వేలు పెట్టి పేరా పేరా దిగాడు. చివర్లో దొరికింది: కాపురంతో హక్కు పుట్టదు, కానీ కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా ఖాళీ చేయించకూడదన్న భాగం అలాగే నిలుస్తుంది.

గంగాధరరావుగారు ఆ పేరా జడ్జిగారికి చదివి వినిపించారు. స్టే వచ్చింది.

"పెద్దకోర్టోళ్ళూ మాట మార్చుకుంటారా అన్నయ్యా?" అంది అంకమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"మార్చుకుంటారమ్మా. ఎంత తీసేశారో, ఎంత ఉంచారో రాసిపెడతారు. నేనే రాయలేదు."

ఆ చీటీ ఊడకుండా ఉంటే, "ఇది చెల్లదు" అన్న తన రాత చూసి ఆ పుస్తకం ఎప్పుడో మూసేసేవాళ్ళు. ఆ పెద్ద తీర్పు ఎవరూ తెరిచేవారు కాదు. అంకమ్మ ఇల్లు పోయేది.

సాయంత్రం గంగాధరరావుగారు ఇంటికెళ్ళమన్నా అతను కదల్లేదు.

"ఇలాంటివి ఇంకెన్ని అంటించానో సార్," అన్నాడు. అలమారలోంచి మొదటి సంపుటం దించి, మొదటి ఎర్ర చీటీ దగ్గర తెరిచాడు.