తూకం మీద వేసిన చెయ్యి

ఆ రోజు పొద్దున గోపన్‌పల్లి సైట్‌లో దెబ్బ తగిలాక కూడా ఆటో దాకా నేనే నడిచాను. ఎడమ పిక్క మీద గీసుకుపోయిన గుర్తు, కొంచెం వాపు, అంతే. ఏ ఆసరా లేకుండా నడవడం ఆ రోజుతో ఆఖరని అప్పుడు తెలియదు.

మాకు మణికొండలో సిమెంటు, స్టీలు అమ్మే దుకాణం ఉంది. నేను పుట్టి పెరిగింది నార్సింగిలో, కిరాణా కొట్టు వెనక గదిలో. చెప్పిన రేటుకు ఏదీ ఒప్పుకోకూడదని మా ఇంట్లో ఉగ్గుపాలతోనే రంగరించి పోస్తారు. ఆ రోజు సైట్‌కు మేము పంపిన లారీలోంచి స్టీలు చువ్వల కట్టలు దించడానికి క్రేన్ మాట్లాడాను. దానితో పాటు యాదగిరి అనే రిగ్గర్ వచ్చాడు. కట్టకు బెల్టులు వేసి, ఆపరేటర్‌కు సైగలు చేసే పని అతనిది. శిక్షణ పొందిన కార్డు మెడలో వేలాడుతోంది.

"చెయ్యి ఊపుడుకు ఒక మనిషా? నాకు లేవా రెండు చేతులు?" అని అతన్ని కిరాయిలోంచి తీసేయించాను.

యాదగిరి పోతూ ఆగాడు. "అక్కా, కట్ట కొసకు తాడు కట్టి దూరంకెళ్లి పట్టుకోవాలె. చెయ్యి మాత్రం పెట్టకుర్రి. గది మీ దుకాణంల సంచి గాదు."

"దుకాణం సంగతి నాకు చెప్తున్నవా?" అన్నాను.

మూడో కట్ట గాలిలో ఊగింది. కొక్కెం త్రాసుకు వేలాడే సంచి ఊగితే చెయ్యి వేసి ఆపడం నాకు చిన్నప్పటి అలవాటు. మా నాన్న ఆ ఆపే చేతి చిటికెనవేలితోనే తూకం కాస్త పెంచేవాడు. ఆ విద్యా నాకు వచ్చు. చెయ్యి దానంతట అదే లేచింది. కట్ట ఆగలేదు. నా కాలిని లారీ చక్రానికి వేసి మోకాలి కింద నొక్కింది.

"ఫ్రాక్చర్ లేదండి," అన్నారు ఆస్పత్రిలో డాక్టరుగారు ఎక్స్-రే చూసి. "కానీ క్రష్ ఇంజురీ, లోపల కండరం నలిగింది. సాయంత్రం దాకా అబ్జర్వేషన్‌లో ఉండాలి."

"ఎముక మంచిగుంటే ఇంక చూసేదేముంది సార్? ఒక్క గంట ఉంట."

"ఇది బేరానికి పెట్టింది కాదండి." ఆయన నవ్వలేదు. నేను నవ్వాను. డాక్టరు వద్దన్నా వెళ్తున్నానని రాసిన కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చాను.

మూడు గంటలకల్లా పిక్క బండలా గట్టిపడింది. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూనే ఉంది. బొటనవేలు కదిలిస్తే ప్రాణం పోయినట్టుండేది. తర్వాత వేళ్ళు నావి కానట్టు మొద్దుబారాయి. మా ఆయన "దవాఖానకు పోదాం పా" అంటే, "రెండో మాత్ర పని చెయ్యనీ" అని ఇంకో గంట లాగాను.

తిరిగి వెళ్ళేసరికి ఆరైంది. అదే డాక్టరుగారు పిక్క నొక్కి, పాదం పైకి వంచారు. నా కేకకు పక్క మంచం మీది పేషెంటు లేచి కూర్చున్నాడు.

"కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. లోపల ప్రెషర్ పెరిగి కండరానికి రక్తం అందట్లేదు. ఫేసియాటమీ చెయ్యాలి, ఇప్పుడే. ఆ ప్రెషర్ తగ్గడానికి పిక్కను రెండు వైపులా కోసి వదిలేస్తాం."

"ఒక వైపు సరిపోదా సార్?" అని అడిగాను, ఆ స్థితిలో కూడా. అప్పటికే నర్సు మంచాన్ని ఆపరేషన్ థియేటర్ వైపు తోస్తోంది.

కోతలు కుట్టకుండా తెరిచే ఉంచారు. రెండు రోజులకు ముందువైపు కండరం చచ్చిపోయిందని తీసేశారు. దాని ప్రభావం కిడ్నీల మీద పడి క్రియాటినిన్ పెరిగింది. మూడుసార్లు డయాలిసిస్ అయింది. తేరుకుంటున్నాననుకునేసరికి ఇన్ఫెక్షన్. కాలు తీసేయాల్సి రావచ్చని మా ఆయనతో సంతకం చేయించుకున్నారు. నాలుగు రోజులు ఆ కాగితం ఫైల్లోనే ఉంది. కాలు నిలిచింది. తొడ చర్మం తీసి గ్రాఫ్ట్ వేశారు.

"పాదం పైకి లేవదండి. ఫుట్ డ్రాప్."

"ఫిజియోథెరపీ చేస్తే?"

"ఉన్న కండరానికి చేయిస్తాం. తీసేసినదానికి ఏం చెయ్యలేం."

ఒక మధ్యాహ్నం యాదగిరి వార్డుకొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. దెప్పుతాడనుకున్నాను. "తప్పు నాది గూడ ఉందక్కా," అన్నాడు. "పని తెలువని మనిషి లోడ్ దగ్గరుంటే పని ఆపాలని ట్రైనింగుల నేర్పిండ్రు. మీరు పొమ్మన్నరు, నేను పోయిన." మంచం పక్క స్టూలు చూపించి కూర్చోమన్నాను.

ఇప్పటికి ఏడాదిన్నర. స్ప్లింట్ కట్టుకుని నడుస్తాను. అది తీస్తే పాదం నేలను ఈడుస్తుంది. మా హమాలీలకు యాదగిరే బెల్టులు చూసుకోవడం, తాడు పట్టడం, సైగలు నేర్పాడు. మొదటి రోజు నన్ను కూడా వరుసలో నిలబెట్టి ఖాళీ కొక్కెం ఊపాడు. నా చెయ్యి లేచింది. హమాలీలు నవ్వారు. అతను నవ్వలేదు.

"అక్కా, మీరు కుర్చీల కూసోర్రి. జర దూరం."

క్రేన్ వచ్చిన ప్రతిసారీ గేటు అవతల కుర్చీలో కూర్చుంటాను, చేతులు తొడల కింద పెట్టుకుని.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. కాలో చెయ్యో నలిగాక ఎక్స్-రే బాగుందన్నారని ఊరుకోకండి. ఎక్స్-రే ఎముకనే చూస్తుంది. నలిగినచోట గట్టిపడి, వేళ్ళు కదిపితే ఓర్చుకోలేనంత నొప్పి వచ్చి, మాత్రకు లొంగకపోతే, రెండో మాత్ర వేసుకోకుండా ఆస్పత్రికి వెళ్ళండి. ఎంతసేపు ఉండమంటే అంతసేపు ఉండండి. నేను తగ్గించుకున్న ఆ కొద్ది గంటలు ఇప్పుడు నా ఎడమ పాదంలో ఉన్నాయి.