నేను పోసిన చెంబెడు నీళ్లు

మా తోడికోడలు మొన్న సోమవారం పోయింది. నరసరావుపేటలో మా మరిది చేత ఫొటోలు తీయించుకున్న ఇళ్లవాళ్లంతా వచ్చారు. అందరిదీ ఒకటే మాట: "యుద్ధం రోజుల్లో ఫిల్ము కడిగే మందు దొరక్కపోతే, ఉన్నదాంట్లోనే నీళ్లు కలిపి కడిగే ఉపాయం కనిపెట్టిన తల్లి." ఏడుస్తూనే పళ్లు నూరుకున్నాను. ఆ నీళ్లు పోసింది నేను.

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఆమె చేతులంటే నాకు కుళ్లు. ఏ పని పట్టుకున్నా ఏమవుతుందోనని నా చేతులు వణుకుతాయి. అందుకే మరిది ఫిల్ము కడిగే పని ఆమెకే నేర్పాడు. కొట్టుగది కిటికీకి గొంగళి కట్టి, లాంతరుకు ఎర్రకాగితం చుట్టి, ఫిల్ము రెండు కొసలూ పట్టుకుని, పళ్లెంలోని మందులో పైకీ కిందికీ ఆడించేది. నేను గుమ్మం బయట బియ్యం ఏరుకునేదాన్ని.

మా పెద్దవాడు పటాళంలోకి వెళ్లేనాడు మరిది వాడి ఫొటో తీశాడు. అప్పటికే మద్రాసు నుంచి మందు రావడం లేదు. సీసా అడుగున ఉన్నదంతా పళ్లెంలో వంచినా ఫిల్ము తడిసేట్టు లేదు. ఇంటికి అనుకోకుండా నలుగురొస్తే మజ్జిగలో ఏం చేస్తాం? ఆమె గొంగళి కడుతుండగా చెంబెడు నీళ్లు పోసేశాను.

ఎంతకీ ఫిల్ము మీద ఏమీ తేలలేదు.

"ఏందే ఇది? పారెయ్, ఇంక రాదు" అన్నాడు మరిది.

ఆమె మందులో వేలు ముంచి, రుద్ది చూసుకుని, నావైపు ఒక్క చూపు చూసింది.

"చానా పలచన. నేనే నీళ్లు కలిపాలే."

"మతి పోయిందా నీకు?"

"నువ్వు పోయి కాఫీ తాగిరా. ఆడించేది నా చేతులేగా!"

మూడింతలసేపు ఆడించింది. భుజాలు పట్టేసినా దించలేదు. "అక్కా, చెమట తుడువు, కళ్లల్లో పడతంది" అంటే కొంగుతో తుడిచాను. చివరికి మావాడి చెవులు, టోపీ తేలాయి.

ఆ తర్వాత యుద్ధం ముగిసేదాకా అలాగే కడిగింది. ఊరంతా ఆమె పేరే. నీళ్లు నావంటే, ఫిల్ము పాడుచేయబోయిందీ నేనేనని ఒప్పుకోవాలి. ఒకసారి ఉండబట్టలేక, "ఆ నీళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదుగా?" అన్నాను.

"ఏ నీళ్లక్కా?" అని నవ్వింది. నన్ను కాపాడిందో, నా పేరు కొట్టేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను. వాడు క్షేమంగా తిరిగొచ్చాక కూడా ఆ ఫొటో చూసినప్పుడల్లా ముందు ఆ నవ్వే గుర్తొచ్చేది.

సోమవారం ఆమె చేతులకు పసుపు రాసింది నేనే. "నీళ్లు నావేనే" అని చెవిలో చెప్పాను. ఏళ్లతరబడి మందులో నానిన ఆ గోళ్లు, ఎంత పసుపు రాసినా గోధుమరంగుగానే ఉన్నాయి. పక్కన నావి, తెల్లగా.