నీళ్ల వరసలో చేప పలక

మా బంధువుల్లో ఎవరినైనా అడగండి, మేము మార్కాపురం వదిలింది నాయనకు ఒంగోల్లో మంచి ఉద్యోగం దొరికినందుకేనని చెప్తారు. ఒట్టి మాట. ముందు వీధి వదిలాం, ఉద్యోగం తర్వాత వెతుక్కున్నాం. వదలడానికి కారణం ఒక పగిలిన పలక. పోయిన వారం పెదనాయన కూతురు ఫోన్ చేసి, రోడ్డు వెడల్పు చేయడానికి మా పాత వీధి ఇళ్లు కొట్టేస్తున్నారనీ, గోడవతలి అత్త పొదిలిలో కూతురింటికి వెళ్లిపోతోందనీ చెప్పింది. మర్నాడే బస్సెక్కాను. బయల్దేరుతుంటే అమ్మ చల్లకుండ మీద పలకమూత సర్దుతూ, నా వైపు చూడకుండానే, "దాన్నేమీ అడగొద్దు" అన్నది. నేను వెళ్తున్నదే అడగడానికి.

వీధిలో గోడలన్నిటి మీదా ఎర్రరంగు గీతలు. ఇక్కడిదాకా కొట్టేస్తామని గుర్తు. మా చిన్నప్పుడు ఈ వీధిలో మగవాళ్లందరికీ పలకల ఫ్యాక్టరీ పొడికి సాయంత్రానికి జుట్టు నెరిసి, స్నానం చేయగానే మళ్లీ నల్లబడేది. మాకూ అత్తవాళ్లకూ ఒకటే గోడ, అందులో ఒక కంత. ఆ కంతలోంచి కూరగిన్నెలు వెళ్లేవి, ఎత్తిపొడుపులు వచ్చేవి. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. బిందెలు వరసలో పెడితే మాయమవుతాయని, ఇంటికో పగిలిన పలక మీద మేకుతో గుర్తు గీసి పెట్టేవాళ్లం. మాది చేప, అత్తది పువ్వు. పలక ఉంటే మనిషి నిలబడ్డట్టే లెక్క. ఇంకొకరి పలక ముట్టుకోవడమంటే వాళ్ల వంటింట్లో దూరి కుండలో చెయ్యి పెట్టడమే. చివర్లో ఉన్నవాళ్లకు మిగిలేది తడి నేల.

ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. పురిటికి వచ్చిన అక్క మంచం మీద ఉంది, మర్నాడు బిడ్డకు పురుటిస్నానం. చుక్క నీళ్లు లేవు. హారన్ విని అమ్మా నేనూ బిందెలతో పరుగెత్తితే, వరస మధ్యలో మా చేప ఉండాల్సిన చోట అత్త పువ్వు ఉంది. అమ్మ వీధంతా వినేలా "నీళ్ల దొంగ" అన్నది. ఇంకా చాలా అన్నది. అత్త ఖాళీ బిందెతో లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ వారంలోనే అమ్మ కంతకు మట్టి పెట్టించింది. ఏడాది తిరక్కుండానే మేము ఒంగోల్లో ఉన్నాం.

అత్త మూటల మధ్య కూర్చుని ఉంది. నన్ను పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏమే కోడలా, గోడలు కూలగొడుతుంటే గుర్తొచ్చినమా?"

నేను కూర్చోలేదు. "మా పలక ఎందుకు తీసినావత్తా?" అన్నాను.

ఆమె టీ పెట్టింది. స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టి, అప్పుడు చెప్పింది. "తీసినా. వరసలో మొదటిది నాది. ఇంట్లో బాలింత, అంతమంది చుట్టాలు, మీకే ముందు కావాలని నా జాగాలో మీది పెట్టి, మీ జాగాలో నాది పెట్టుకున్నా. మీయమ్మ ముందుకు చూస్తే గదా."

మేమెప్పుడూ ఆలస్యమే. వరస మొదట్లో మా పలక ఉంటుందని మేమే అనుకోం. ఆ రోజే ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చెప్పనిచ్చిందా అన్నది. నిజమే, మా ఇంట్లో ఎవరమూ ఎదుటివాళ్లను మాట్లాడనివ్వం. తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్పేదేముంది, ఆమెకు తెలుసు గదా."

నాకు ఒళ్లు మండింది. తెలిసుంటే మా అమ్మ ఇన్నేళ్లు ఊరుకునేదా అని వాదానికి దిగాను. అత్త వాదించలేదు. ఒక్కటే అడిగింది. "ట్యాంకర్ పోయినాక చూస్తే మొదట్లో మీ పలక లేదు. అది మీ ఇంటికెట్ల వచ్చిందే మరి?"

టీ చల్లారిపోయింది. బస్సులో దారిపొడుగునా అదే లెక్క. అక్క గడప దాటలేదు. నాయన ఫ్యాక్టరీలో ఉన్నాడు. చుట్టాలకు మా చేప గుర్తే తెలియదు. నేను ఖాళీ బిందెతో అమ్మకంటే ముందే ఇల్లు చేరాను. ఇంకొకరి పలక ఆ వీధిలో ఎవరూ ముట్టుకోరు.

దీపాలవేళకు ఇల్లు చేరితే, అమ్మ "టీ ఇచ్చిందా?" అని మాత్రం అడిగింది. చల్లకుండ మీద మూత తీసి చూశాను. ఇన్నేళ్ల తుడుపులకు చేప పొలుసులు అరిగిపోయాయి గానీ, కన్ను ఇంకా ఉంది. నా నోటికి జడిసే చుట్టాలు నమ్మరు గానీ, మూత మళ్లీ కుండ మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. ఇదిగో, ఇక్కడ అడుగుతున్నాను. ట్యాంకర్ వెళ్లిపోయాక వరస మొదట్లో వంగి ఈ పలక తీసుకున్నావు కదమ్మా, పక్కనే ఉన్న అత్త గడప ఎక్కడానికి ఇన్నేళ్లు నీకెందుకు చాల్లేదు?