సిల్వరు పడవకు పడిన అతుకు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టే హక్కు తల నెరిసినవాళ్ళకే ఉందంటే, ఈ సంగతి చెప్పే అర్హత నాకింకా రాలేదు. నాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. కానీ నేను పుట్టిన ఊరు నీళ్ళ కింద ఉంది. అందువల్ల నా బాల్యం నా వయసును మించి పాతబడిపోయింది.

కృష్ణ మీద ప్రాజెక్టు కట్టాక మా ఊరు, మా మిరప చేలు, చేల మధ్య బండ్ల బాట, అన్నీ నీటిలో కలిసిపోయాయి. మమ్మల్ని మెరక మీద కట్టిన కాలనీకి తరలించారు. అమ్మ అప్పటికే లేదు. నాన్న లారీ మీద రాష్ట్రాలు తిరిగేవాడు. ఇంట్లో ఉండేది మా తాతయ్యా నేనూ. కాలనీలో ఇళ్ళు చీట్లు తీసి పంచారు కనుక, పాత ఊళ్ళో ఏ వీధి చివరో ఉన్నవాళ్ళు ఇక్కడ గోడ పక్క గోడ అయ్యారు. అలా మా పక్కింటికి వచ్చిన పెద్దావిడను, ఆమె కూతురి పిల్లలు ఉర్దూలో అమ్మమ్మను పిలిచినట్టే నేనూ నానీ అని పిలిచేదాన్ని. పెళ్ళిళ్ళకు బిర్యానీ వండటం ఆమె పని. వాళ్ళ నిఖాలకే కాదు, మా వాళ్ళ పెళ్ళిళ్ళకూ ఆమే వండేది. మా చుట్టుపక్కల అల్యూమినియాన్ని సిల్వరు అంటారు. నిండితే నలుగురు పట్టి దించాల్సిన పెద్ద సిల్వరు డేగిసా ఆమె ఇంటి వెనక బోర్లించి ఉండేది.

తాతయ్య పుట్టుకతో రైతు. నీళ్ళొచ్చిన తర్వాత చేపల వేట నేర్చుకోవడానికి బయలుదేరాడు. కాలనీ మగవాళ్ళు కొందరు ఆ మాటకు నవ్వారు. "ఏంది మామా, మిరపకాయలు కోసినట్టు చేపల్ని కోస్తావా?" అనేవారు. ఆయన వాళ్ళతోపాటు తానూ నవ్వి, సత్తెనపల్లిలో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక సిల్వరు పడవను ట్రాక్టరు మీద వేయించుకొచ్చాడు. వరదల్లో వాడి, తర్వాత పనికిరాదని తుక్కు కింద అమ్మేసిన పడవ అది. ఒక పక్క సొట్టలు, అడుగున అతుకుల వెంట సన్నని చెమ్మ. కొత్త ఫైబరు పడవ మాట ఎత్తే స్తోమత మాకు లేదు. ఉన్నదంతా ఊడ్చి పెడితే ఈ తుక్కు వచ్చింది.

చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో వేట ఆపేస్తారు. మళ్ళీ మొదలైన తొలి వారాల్లో చేప బాగా పడుతుంది. ఆ వేళకు పడవ నీళ్ళ మీద ఉండాలి. లేకపోతే తాతయ్య గుంటూరు కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాలనీ, నన్ను సత్తెనపల్లిలో హాస్టల్లో వేయాలనీ నాన్న ఫోన్లో తేల్చి చెప్పాడు. పడవ బాగుపడటమంటే నా దృష్టిలో చేపలు కాదు, తాతయ్య పక్కన పడుకునే మంచం.

సొట్టలు చెక్కసుత్తితో సరిచేశాం. నాచును ఇసుకా కొబ్బరి పీచూ పెట్టి తోమాం. తోముతున్నంతసేపూ నేను ప్రశ్నలడుగుతూనే ఉన్నాను. పడవకు ముందేది, వెనకేది, చేపకు మా చేను గట్టు తెలుస్తుందా, ఇలాంటివి. తాతయ్య నన్ను ప్లీడరమ్మా అని పిలిచేవాడు. మిగిలింది అతుకుల్లో చెమ్మ. దాన్ని పూడ్చడానికి పల్నాటి రైతుకు ఏం తడుతుందో అదే ఆయనకూ తట్టింది: సున్నం. మా వైపు సున్నానికి కరువు లేదు. మిద్దె కారితే సున్నం, తొట్టి బీటలిస్తే సున్నం, గాదె మూల చీలితే సున్నం. ఆముదంలో నూరిన సున్నం రాయిలా బిగుసుకుంటుందని ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నానీ కొడుకు పిడుగురాళ్ళలో సున్నపు బట్టీలో పనిచేసేవాడు. తాతయ్య వెళ్ళి బకెట్టెడు సున్నం కావాలంటే, ఎందుకని అడక్కుండా ఆమె ఎత్తిచ్చింది. ఆముదం ఖరీదని తాతయ్య సగం నూనె, సగం నీళ్ళు పోసి నూరి, అతుకులన్నీ ఒత్తుగా మెత్తాడు.

కొన్నాళ్ళకు చూస్తే ఆ మెత్తింది ఉబ్బి, పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. తాతయ్య గోటితో ఒక పెళ్ళ లేపితే, దాని కింద రేకు తెల్లటి పొడిగా రాలింది. ఇంకొకటి లేపేసరికి నేల కనబడింది. చెమ్మ ఉన్న చోట అరచేయి పట్టే కంత తయారైంది.

నానీ వచ్చి చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంటికి వెల్ల వేసుకుంటావనుకున్నా గదన్నా! సిల్వరు గిన్నెకి సున్నం తగలనిస్తారా యాడన్నా? ఏ ఇంట్లో ఆడమనిషినడిగినా చెప్పేదిగా!"

"మా ఇంట్లో ఆడమనిషి ఇదే," అన్నాడు తాతయ్య నన్ను చూపించి. "లోకంలో ఉన్నయ్యన్నీ అడిగింది గానీ, సున్నం సంగతొక్కటే అడగలా."

ఆమె నవ్వలేదు. ఆ కంత అంచును వేలితో తడిమి చూసి వెళ్ళిపోయింది.

సెంటర్లో వెల్డింగు షాపువాళ్ళు సిల్వరు తమ వల్ల కాదన్నారు. ఆ పని విజయవాడలో చేస్తారట. పడవను అక్కడిదాకా మోయించే దారి లేదు. అతుకు వేయడానికి మందపాటి రేకు కొనే దారి అంతకంటే లేదు. ఆ సాయంత్రం తాతయ్య పడవ అంచు మీద కూర్చుని, హాస్టల్లో పప్పు బాగానే ఉంటుందిలే అన్నాడు. ఆ మాట నాకోసం అన్నాడో తనకోసం అన్నాడో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే కరివేపాకు కోసం నానీ ఇంటి వెనక్కి వెళ్ళాను. ఆమె బట్టలుతికే బండ మీద గోనెపట్టా పరిచి, దాని మీద పెద్ద డేగిసాను బోర్లించింది. అడుగూ గోడా కలిసే మూల ఒక పెద్ద మేకు పెట్టి, పచ్చడి బండతో కొడుతోంది. గోనెపట్టా చప్పుడు బయటికి పోకుండా వేసిందని నాకు తొమ్మిదేళ్ళ వయసులోనే అర్థమైంది. అంతకు ముందు ఆదివారమే ఆ డేగిసాలో వండిన బిర్యానీ నేను తిన్నాను.

"మంచి డేగిసాకి చిల్లు పెడతావెందుకు నానీ?"

ఆమె ఉలిక్కిపడి, నన్ను గుర్తుపట్టి ఊపిరి వదిలింది. "మంచిదిస్తే మీ తాత తీసుకుంటాడా? ఆయన పొగరు నీకు తెలవదా? చిల్లుదైతే తీసుకుంటాడు."

"అంటే అబద్ధం చెప్తావా?"

"అబద్ధమేందే? చిల్లు పడిందంటా. పడిందా, లేదా? ఏలు పెట్టి చూసుకో."

నేను నిజంగానే వేలు పెట్టి చూశాను. చిల్లు ఉంది. ఆమె చెప్పబోయే మాటలో అబద్ధమున్న చోటు నాకు దొరకలేదు. తర్వాత కాలేజీలో వాదన పోటీలకు నిలబడినప్పుడు, ప్రతి వాక్యమూ నిజమై మొత్తం మాట అబద్ధమయ్యే ఉపాయాలు నాకెన్నో నేర్పారు. ఏదీ నాకు కొత్తగా అనిపించలేదు.

"ఎందుకని అడక్కుండా బకెట్టెత్తిచ్చా చూడూ, అదీ నేను చేసిన తప్పు," అంది నానీ, మేకు ఊడబెరుకుతూ. "నువ్వైతే అడిగేదానివి. ఇయ్యాల మాత్రం నోరు మూసుకో తల్లీ."

కాసేపటికి ఆమె ఆ డేగిసాను వీధిలో గరగరా ఈడ్చుకుంటూ మా వాకిట్లోకి తెచ్చి పడేసింది. "చిల్లు పడిందన్నా. నాకు దండగ. తుక్కువాడికేస్తే ఏమొస్తది? నీ పడవకన్నా పనికొస్తదేమో చూడు."

"మొన్న వండావుగా దీంట్లో?"

"మొన్న వండా. ఇయ్యాల చిల్లుంది. నమ్మకపోతే నీళ్ళు పోసి చూసుకో!"

తాతయ్య నీళ్ళు పోయలేదు. డేగిసాను ఎండకు తిప్పి, చిల్లు మీద బొటనవేలు ఆనించాడు. వాడగా వాడగా పడిన చిల్లుకు అంచు పలచబడి, చుట్టూ మసిబారి ఉంటుంది. ఈ చిల్లు అంచులు ముళ్ళలా లోపలికి వంగి, కొత్త వెండిలా మెరుస్తున్నాయి. ఆయన వేలు అక్కడే ఆగింది. తలెత్తి నానీని చూశాడు. ఆమె మా గోడ మీది తీగను చూస్తోంది. తర్వాత ఆయన నన్ను చూశాడు. నేను నోరు తెరిచాను. ఏమడగబోయానో నాకే తెలియదు.

"అడగమాక," అన్నాడు నెమ్మదిగా. నానీ వైపు తిరిగి, "అవునమ్మా, చానా ఏళ్ళు వాడావుగా. అరిగిపోయింది," అన్నాడు.

ఆ ఉదయం మా వాకిట్లో ఉన్న ముగ్గురిలో పచ్చి అబద్ధం చెప్పింది ఆయనొక్కడే. నాకు తెలిసి ఆయన అబద్ధమాడటం అదే మొదలు. నేను మాట్లాడకపోవడానికి కారణం మాత్రం ఆయన వద్దనడం కాదు. నా కళ్ళ ముందు హాస్టలు గేటు కనబడింది. డేగిసా ముక్కలైతే ఆ గేటు మూసుకుంటుంది. అంత లెక్క నాకు వచ్చు.

తాతయ్య ఉలితో డేగిసా గోడను కోసి, మొద్దు మీద పెట్టి సాపు చేశాడు. మధ్యలో సైకిలు ట్యూబు రబ్బరు పరిచి, గిన్నెల పిడులకు కొట్టే సిల్వరు రివెట్లతో అతుకు బిగించాడు. సున్నం దెబ్బ తిన్నాక ఆయనకు ప్రతిదీ అనుమానమే. "దీనికి తారు తగలొచ్చా? ఇనప మేకు తగలొచ్చా?" అని గోడ మీదుగా నానీని అడిగేవాడు. "నాకేం తెలుసన్నా, నేను దీంట్లో తారు వండానా?" అని ఆమె అక్కణ్ణుంచే కసురుకునేది. ఇద్దరూ నవ్వేవారు. వాళ్ళిద్దరికీ ఏం తెలుసో తెలిసిన నేను మాత్రం తల వంచుకుని రివెట్లు లెక్కపెట్టేదాన్ని.

వేట తెరిచిన రోజున పడవ నీళ్ళ మీద తేలింది. కాస్త చెమ్మ వచ్చినా, చెంబుతో తోడేస్తే సరిపోయేంతే. నేను హాస్టలుకు వెళ్ళలేదు. తొలి రోజు పడ్డ వాటిలో పెద్ద బొచ్చె చేపను తాతయ్య నానీ ఇంటికి పంపాడు. ఆమె దాన్ని వండి, సగం కూర మాకే తిరిగి పంపింది.

ఆ చలికాలంలో కాలనీలో ఒక పెద్ద పెళ్ళి జరిగింది. వంట రాజుపాలెం నుంచి వచ్చిన మనిషికి అప్పగించారు. నానీ దగ్గర మిగిలింది చిన్న డేగిసాలే. పెద్ద పెళ్ళిళ్ళు ఒప్పుకోవడం ఆమె మానేసింది. ఎవరైనా అడిగితే చేతులు నొప్పులని చెప్పేది. నొప్పులూ నిజమే అయి ఉండొచ్చు. ఆ రోజు ఆమె అందరితోపాటు బంతిలో కూర్చుని, వేరొకరు వండిన బిర్యానీని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువైందని పక్కావిడతో మెల్లగా అంది. మా తాతయ్య ఆమెకు ఎదురు వరసలో ఉన్నాడు. ఆ మాట విన్నాడు. చేతిలో ముద్ద విస్తరిలోనే వదిలి, లేచి చేయి కడుక్కున్నాడు. ఆకలి లేదేమోనని ఎవరో అన్నారు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన ఒడ్డుకు పోయి, బోర్లించిన పడవ పక్కన కూర్చుని, అతుకు మీద అరచేయి పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి చేయి తీసేశాడు.

ఆ ప్రశ్నను నేను ఏళ్ళ తరబడి మోశాను. డిగ్రీ రెండో ఏడాది సెలవులకు వచ్చినప్పుడు, ఆయన వల అల్లుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను. నానీ అప్పటికి కొడుకు దగ్గరికి పిడుగురాళ్ళ వెళ్ళిపోయింది.

"తెలిసీ ఎందుకు తీసుకున్నావు తాతయ్యా?"

ఆయన ఆశ్చర్యపోలేదు. "నేనొద్దంటే ఆ చిల్లు పూడేదా? ఆమె చిన్నబోయేది. డేగిసా పాయె, పడవా పాయె."

"అయితే తీసుకోవడం తప్పు కాదంటావా?"

"నేనట్టా అన్నానా? తప్పే." ముడి బిగించి పళ్ళతో దారం తెంపాడు. "తప్పని తెలిసే తిన్నా, ఇన్నేళ్ళూ. నీకూ పెట్టా."

నేను వాదనల్లో బహుమతులు గెలిచినదాన్ని. ఆ మాటను ఎన్ని వైపుల నుంచి తిప్పి చూశానో చెప్పలేను. తీసుకోకపోవడం ఇంకా పెద్ద తప్పయ్యేదని నిరూపించగలను. అయినా నా చదువు, పుస్తకాలు, ఇంటి దగ్గరే గడిచిన బాల్యం, ఇవన్నీ ఆ డేగిసా రేకు మీదే తేలాయన్న సంగతి ఏ వాదనతోనూ తేలిక కాలేదు. దాన్ని తేలిక చేసుకోవాలన్న కోరిక కూడా ఇప్పుడు లేదు. తాతయ్య ఆ బరువును దించుకోకుండా బతకడం నేను చూశాను.

ఇప్పటికీ ఎవరైనా ఒక వస్తువు నా చేతిలో పెట్టి, "నాకిది దండగ, నువ్వు వాడుకో" అంటే, నా బొటనవేలు తనంతట తానే దాని అంచును తడుముతుంది. అంచు కొత్తగా, పదునుగా తగిలితే నేనేమీ అడగను. థాంక్స్ చెప్పి తీసుకుంటాను. ఆ రోజు మాత్రం అన్నం సయించదు.